దుబాసీ కుర్చీ

ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ముందు వరసకి కాస్త ఎడంగా, మైకు పక్కన, మాట్లాడే మనిషికి ఎదురుగా తిప్పి వేసిన ఆ ఒక్క కుర్చీ వైపు చూడకూడదని రోవీనా మాబ్రీ ఎంత అనుకుంటే కళ్ళు అంతగా అటే పోతున్నాయి, పంటి సందులో ఇరుక్కున్న పీచు మీదికి నాలుక పోయినట్టు. ఈపాటికి గ్రెచెన్ వచ్చి కూర్చుని ఉండాలి, నల్లటి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వేళ్ళు బాగా కనబడాలని ఉంగరాలన్నీ తీసి పర్సులో పడేసి. గ్రెచెన్ దుబాసీ. చెవిటివాళ్ళు చేతులతో చెప్పింది నోటితోనూ, మనం నోటితో అన్నది చేతులతోనూ అటూ ఇటూ దాటించే మనిషి. పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదులు వినడానికి రోవీనాతో కలిపి ఏడుగురున్న ఈ పౌరుల బోర్డు నెలనెలా నగర సభామందిరంలో కూర్చుంటుంది, కూర్చున్నప్పుడల్లా ఆర్విల్ జెంక్స్ వస్తాడు, ఆర్విల్ వస్తాడు కాబట్టి గ్రెచెన్ వస్తుంది. ఇవాళ ఆర్విల్ వచ్చాడు. గ్రెచెన్ రాలేదు. సరస్సు రోడ్డు మీద ట్రక్కు ఒకటి మంచులో జారి అడ్డంగా పడిందట, వెనక కార్లన్నీ నిలిచిపోయాయట, అందులో ఒక కార్లో గ్రెచెన్ ఉందట. బోర్డు గుమాస్తా ఈ మాట చెప్పి, మంచు కురవడం తన తప్పు కాదన్నట్టు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. మంచు అతని తప్పు కాదు, నిజమే. చలికాలం కదా, ఇద్దరు దుబాసీలని పిలవండని ఆర్విల్ ముందే అడిగితే ఒక్కరితో సరిపెట్టింది మాత్రం అతనే.

ప్రజలు మాట్లాడే గంట మొదలైంది. అధ్యక్షురాలు డెలోరిస్ టేట్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని పేరు పిలుస్తుంది, పిలిచిన మనిషి మైకు దగ్గరికి వస్తాడు, పచ్చ దీపం వెలుగుతుంది, రెండు నిమిషాలు, పసుపు, ఎరుపు, ధన్యవాదాలండీ, తర్వాతి వారు. డెలోరిస్‌ది శవసంస్కారాల వ్యాపారం, ఏడ్చేవాళ్ళని ఎక్కడ ఆపాలో ఎక్కడ ఆపకూడదో ఆవిడకి తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. మొదట వచ్చినవాడు మంచు తీసే బళ్ళు తన వీధికి రావడం లేదని ప్రతి నెలా చెప్పే పెద్దాయన. ఇది పోలీసుల బోర్డు బాబూ అని చెప్పీ చెప్పీ అందరూ మానేశారు, ఇప్పుడాయన రాకపోతే ఒంట్లో బావులేదేమో అని కంగారు పడతారు. రోవీనా ఆయన వైపు చూస్తూ, చూస్తున్నట్టు మొహం పెట్టి, అరగంట క్రితం వెనక గదిలో కాఫీ యంత్రం పక్కన బోర్డు లాయరు నోరా హెల్‌స్ట్రమ్ అన్న మాటల్ని మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటోంది. గ్రెచెన్ రావడం లేదని తెలియగానే రోవీనా ఆమెను పట్టుకుంది. నాకు చేతిభాష వచ్చు కదా, అమ్మా నాన్నా ఇద్దరూ చెవిటివాళ్ళే కదా, మాట్లాడడం కంటే ముందు నేను నేర్చింది అదే కదా, ఆర్విల్ చెప్పేది నేను చెబుతానంది. నోరా కోటు కూడా విప్పకుండా వింది.

"లేచి అతని మాటలు చెప్పావంటే అతని నోరైపోతావ్ రోవీనా. నోరైన మనిషి తీర్పు చెప్పడానికి లేదు. నీ ఓటు పోతే మిగిలేది మూడూ మూడు. నాలుగు లేకపోతే ఫిర్యాదు కొట్టేసినట్టే."

వాయిదా వేద్దామంటే వచ్చే సమావేశానికి ఏడాది దాటిపోతుంది, ఏడాది దాటిన ఫిర్యాదు చెల్లదు. ఇవాళ తేలాలి, లేకపోతే లేదు. మరి అతను మాట్లాడేదెట్లా అని రోవీనా అడిగితే నోరా, "నేను బోర్డు లాయర్ని, దేవుణ్ణి కాను," అంది. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. ఆగకుండా, "నోరో, ఓటో. రెండూ ఇవ్వలేవు. ఏదిస్తావో నువ్వే చూసుకో," అని కూడా అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి దగ్గరా గొయ్యి దగ్గరా మనిషిని నిలబెట్టి చూసుకోమనడం లాయర్లకి తేలిక.

రెండో మనిషి తమ్ముడి కొడుకు పోలీసట, మంచివాళ్ళ గురించి ఎవరూ చెప్పరేమండీ అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరూ జవాబు చెప్పరు. చెప్పకూడదు. ప్రజలు మాట్లాడుతున్నప్పుడు సభ్యులు మాట్లాడకూడదు, నవ్వకూడదు, మొహం చిట్లించకూడదు. కిందటేడు ఒక సభ్యుడు ఎవరో తల్లి మాటలకి తలూపాడు, పాపం కావాలని కాదు, ముసలివాడు, తల దానంతటదే ఊగింది. మూడో వరసలో కూర్చునే పోలీసు సంఘం లాయరు దాన్ని ఫోనులో పట్టుకుని, ఈయన ముందే ఒక పక్కకి ఒరిగిపోయాడని వాదించి కేసు కేసంతా కొట్టేయించాడు. ఆ లాయరు ఇవాళా మూడో వరసలోనే ఉన్నాడు, ఫోను మోకాలి మీద నిలబెట్టుకుని, చేపల గాలం దగ్గర కూర్చున్నవాడంత ఓపిగ్గా. రోవీనాకి ఈ నియమం తలుచుకుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది. పగలంతా ఆమె చేసేది జనం పళ్ళు తోమే ఉద్యోగం. నోట్లో రెండు చేతులూ ఒక గొట్టమూ పెట్టి, పిల్లలెలా ఉన్నారు, ఈసారి సెలవులకి ఎక్కడికెళ్ళారు అని అడిగితే వాళ్ళు కళ్ళతోనే ఏదో చెబుతారు. నెలకొక సాయంత్రం లెక్క సరిపోతుంది, జనం అడుగుతారు, ఆమె కళ్ళతో కూర్చుంటుంది. కానీ ఇవాళ నవ్వు రావడం లేదు. ఆర్విల్ పేరు ఎన్నోదో తెలీదు. డెలోరిస్ చేతిలో పేర్లున్న అట్టముక్కల కట్ట పల్చబడుతోంది.

చేతులు. ముందు చేతుల సంగతి చూడాలి. బల్ల మీద ఉన్నాయి, కుడిది ఎడమదాన్ని పట్టుకుని ఉంది, బొటనవేలు మెల్లగా కదులుతోంది, అది కదులుతోందని ఆమెకి ఇప్పుడే తెలిసింది. లాయరు చూశాడా? చేతుల్ని బల్ల కింద తొడల మీద పెట్టుకుంది, అక్కడా ఊరుకోలేదు, ఇక ఒకటే మార్గం, కొంచెం పైకి లేచి రెండు చేతుల్నీ తొడల కిందికి తోసి వాటి మీద కూర్చుంది. కూర్చోగానే ఏడేళ్ళ పిల్ల అయిపోయింది. తూర్పు వీధిలో మేడ మీది ఇల్లు, వంటగదిలో పసుపు రంగు బల్ల. పిల్ల అల్లరి చేస్తే మిగతా ఇళ్ళలో నోరు ముయ్యి అంటారు, వాళ్ళింట్లో చేతుల మీద కూర్చోమనేవాళ్ళు. అదే శిక్ష. అమ్మ ఎదురుగా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ ఓరగా చూసేది, చెయ్యి బయటికి వచ్చిందా లేదా అని. పోట్లాటలో అమ్మని గెలవడం ఎవరి తరమూ కాదు, ఓడిపోతోందనిపించగానే కళ్ళు గట్టిగా మూసుకునేది, అంతే, ఎంత గింజుకున్నా చేతులకి వినేవాళ్ళుండరు. నాన్న నేల మీద కాలు తాటించేవాడు, దీపం వేసి ఆర్పేవాడు, ఆవిడ కళ్ళు తెరిచేది కాదు, మూసిన కళ్ళతోనే నవ్వు ఆపుకునేది. ఇంటి నిండా ఎప్పుడూ మాటలే, గిన్నెల చప్పుడు, కుర్చీల చప్పుడు, నవ్వు. కింది వాటావాళ్ళు మాత్రం ఆ మూగవాళ్ళిల్లు అనేవాళ్ళు.

మూగవాళ్ళు. ఆర్విల్ జెంక్స్ రెండో వరస చివర కూర్చున్నాడు. పెద్ద మనిషి, బూడిదరంగు గడ్డం, గోధుమరంగు కోటు తీయకుండా, టోపీ మోకాలి మీద. రేవులో పడవల సీట్లకి తోలూ గుడ్డా వేసి కుట్టే పని, చలికాలమంతా పడవలు షెడ్డుల్లో ఉంటాయి కనక అప్పుడే పని ఎక్కువ. ఉండేది. కిందటి వసంతంలో ఒక సాయంత్రం కారు వెనక దీపం వెలగలేదని ఆపారు, దిగమన్నారు, వినబడలేదు, మళ్ళీ దిగమన్నారు, అప్పుడతను వేలు చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు. అంతే అతను చేసింది. ఆ వేలు ఎక్కడికో దేనికోసమో వెళుతోందని అధికారికి అనిపించిందట. తలుపులు మూసిన గదిలో ఆ వీడియో ఏడుగురూ చూశారు. చేతులు వెనక్కి విరిచి బేడీలు బిగించారు. చెవిటివాడికి చేతులు వెనక్కి కడితే నోట్లో గుడ్డలు కుక్కినట్టే, కానీ అది వీడియోలో కనబడదు, వీడియోలో ఎవరో పెద్ద మనిషి భుజాలు ఊపుతూ పెనుగులాడుతున్నట్టు కనబడుతుంది. ఊపుతున్నది పెనుగులాటకి కాదు, చేతులు నొప్పెడుతున్నాయని భుజాలతో చెబుతున్నాడు. రోవీనాకి తెలిసింది, మిగతా ఆరుగురికీ ఆమె చెప్పింది, ముగ్గురు నమ్మారు. ఆ రాత్రి దుబాసీని పిలవలేదు, కాగితమిచ్చి రాయమన్నారు, బేడీలు తీసిన చేత్తో అతను చేతిభాష వరసలోనే రాసిన నాలుగు ముక్కలు చదివి మతి స్థిమితం లేదన్నారు. అందుకే ఇవాళ గుమాస్తా పోయి కాగితం, పెన్ను ముందు పెడితే ఆర్విల్ వాటి వైపు చూసి, తల అడ్డంగా తిప్పి, పెన్నుని గుమాస్తా జేబులోనే తిరిగి పెట్టాడు. ఆ బేడీల నొక్కుడికి ఇప్పుడతని కుడి చేతి బొటనవేలూ పక్కవేళ్ళూ పూర్తిగా కదలవు. సూది తోలులోకి దిగదు. మాటా అంతే, చెబుతూ చెబుతూ ఉండగా ఒక వేలు జారిపోతుంది, అతను ఎడమ చేత్తో దాన్ని నిలబెట్టుకుని మళ్ళీ మొదలుపెడతాడు. నత్తి. నెలనెలా ఆ నత్తి చూసినప్పుడల్లా రోవీనా ఏడుపుని దగ్గుగా మార్చుకునేది, ఇప్పుడు తలుచుకుంటేనే దగ్గింది.

"దగ్గొస్తోందా?" పక్క కుర్చీలో రస్ కొవాల్చిక్ పెదవులు కదపకుండా అడిగి బల్ల మీద నుంచి ఒక దగ్గు బిళ్ళ జరిపాడు. రస్ రిటైరైన ఫైర్‌మన్, చెడ్డవాడు కాదు, ఎవరింట్లో అగ్గి పడినా ముందు దూకే రకం, కానీ యూనిఫారం వేసుకున్న మనిషిని తప్పు పట్టడానికి అతనికి చెయ్యి రాదు. నమ్మని ముగ్గురిలో అతనొకడు. బావమరిది పోలీసు. బోర్డులోకి వచ్చేటప్పుడు, నీ తల్లిదండ్రులు చెవిటివాళ్ళు కదా, అటువైపు మొగ్గకుండా ఉండగలవా అని రోవీనాని అడిగారు, నీ బావమరిది పోలీసు కదా అని రస్‌ని ఎవరూ అడగలేదు. ఆ సంగతి రోవీనా ఒకసారి నవ్వుతూ అంటే రస్ కూడా నవ్వి, "వాడితో నేను మాట్లాడి ఏళ్ళయింది, అడిగినా ఏం చెప్పను," అన్నాడు. దగ్గు బిళ్ళ బల్ల మీదే ఉండిపోయింది, తీసుకోవాలంటే చెయ్యి బయటికి తీయాలి.

గుమాస్తా ఇప్పుడు కంప్యూటరు తెచ్చి మైకు దగ్గర పెట్టాడు. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో కూర్చున్న దుబాసీ తెర మీదికి వస్తుందట. వచ్చింది, ఒక అమ్మాయి, చక్కగా నవ్వింది, ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నోరు సగం తెరుచుకుని, ఒక చెయ్యి గాల్లో ఉండిపోయి, ఫోటోలాగా. గుమాస్తా తీగలు పీకాడు, పెట్టాడు, మూత వేసి తీశాడు. జనం ఓపిగ్గా చూశారు. రోవీనా మనసులో ఎవరినెవరినో తలుచుకుని మొక్కింది, కదులు తల్లీ, ఒక్కసారి కదులు, నీ చెయ్యి కదిలితే నా చేతులు కదలక్కర్లేదు. తెర నల్లబడింది. డెలోరిస్ మైకులోకి వంగి, హాల్లో చేతిభాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకి రండి, సాయం చేసినవాళ్ళవుతారు అని అడిగింది. అడుగుతున్నంతసేపూ రోవీనా వైపు చూడకుండా జాగ్రత్తపడింది, ఆమెకి ఆ భాష వచ్చని తెలిసిన మనిషి కనక. గోడ వారగా వేడి గొట్టం టక్ టక్ మంటోంది. మౌనం అర్ధాంగీకారమంటారు. తన మౌనం దేనికి అంగీకారమో రోవీనాకి తెలీలేదు. ఎవరూ లేవలేదు. ధన్యవాదాలండీ, తర్వాతి వారు.

కాలేజీ కుర్రది ఎవరో కాగితం చూసి గబగబా చదువుతోంది. ఇంక ఎన్ని అట్టముక్కలు? ఆరేళ్ళ వయసు నుంచి రోవీనా చేసింది దుబాసీ పనే కదా, ఇంట్లో వినబడేది ఆమె ఒక్కతికే. బ్యాంకులో, బడిలో, ఇంటివాడితో, మాంసం కొట్టు దగ్గర, ఎక్కడికెళ్ళినా పెద్దవాళ్ళ మధ్య చిన్న గౌను వేసుకుని నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు. నాన్న అచ్చు యంత్రాల దగ్గర పని చేసేవాడు, ఆ రొదకి చెవులున్నవాళ్ళు ఆగలేకపోయేవాళ్ళు, చెవిటివాళ్ళని ఏరి ఏరి పెట్టుకునేవాళ్ళు. కారెక్కితే నాన్న ఆమెకి ఒకే పాఠం. పోలీసులు ఆపితే నువ్వు వెనక కిటికీ దించి ముందే అరువు, మా నాన్నకి వినబడదండీ, అని అరువు. నేను రెండు చేతులూ స్టీరింగ్ మీద పెడతాను. చేతులు స్టీరింగ్ మీద పెడితే నాన్న ఇంక ఏమీ అనలేడు. ఒకసారి వంతెన మీద ఆపారు. ఆమె అరిచింది. ఎంత గట్టిగా అరిచిందంటే ఆ పోలీసు ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, టోపీ తీసి, "సరేలే పాపా, నాక్కూడా వినబడకుండా చేశావ్," అన్నాడు. మంచివాడు. అదృష్టం. నాన్న ఇంటికొచ్చేదాకా చేతులు స్టీరింగ్ మీది నుంచి తీయలేదు, మేడ ఎక్కాక తీసి ఆమె బుగ్గలు పట్టుకున్నాడు, సిరా వాసన. ఆర్విల్ కారు వెనక సీట్లో ఎవరూ లేరు. అరవడానికి ఒక పిల్ల ఉండి ఉంటే ఈ బోర్డూ లేదు, ఈ ఓటూ లేదు, అతని బొటనవేలు అతనికుండేది. ఇప్పుడు వెనక సీట్లో తను ఉంది. ఉండి కూడా చేతుల మీద కూర్చుని ఉంది. అమ్మ చూస్తే ఏమంటుంది?

అమ్మ మొహం చూస్తుంది, అంతే, ఏమీ అనదు. ఆస్పత్రి గది గుర్తొచ్చింది, రాకూడదనుకున్నా వచ్చింది. అప్పుడు తనకి పన్నెండేళ్ళు, డాక్టరు అమ్మ వైపు చూడకుండా ఆమె వైపు చూసి చెప్పాడు, కడుపులో గడ్డ, చెడ్డ రకం, మీ అమ్మకి మెల్లగా చెప్పమ్మా. మెల్లగా చెప్పడానికి చేతులు ఎత్తబోయింది. ఎత్తకముందే అమ్మ ఆమె మొహం చూసి, తెలిసిందిలే అన్నట్టు ఆ రెండు చేతుల్నీ పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. నువ్వు చెప్పక్కర్లేదని మొహంతోనే అంది. ఆ రోజు ఒక్కరోజే అమ్మ ఆమెని దుబాసీతనం నుంచి తప్పించింది. చేతులు చూడకు, మొహం చూడు, చేతులు ఎవరైనా నేర్చుకుంటారు అనేది అమ్మ. ఇప్పుడు అమ్మ లేదు, నాన్న లేడు, చేతులతో మాట్లాడడానికి ఇంట్లో ఎవరూ లేరు, పిల్లికి చెబుతుంది అప్పుడప్పుడు, పిల్లి కళ్ళు మూసుకుంటుంది. ప్రతి నెలా ఆర్విల్ లేచి నిలబడి మొదటి మాట అనగానే తనకి ఇంటికి పోయినట్టుంటుంది, అదీ నిజం, ఎవరికీ చెప్పని నిజం. అతను తిడుతున్నా, ఏడుస్తున్నా. నిష్పక్షపాతమా ఇది? రస్‌ని అడగని ప్రశ్న తననే ఎందుకడిగారో ఒక్కోసారి తెలిసినట్టే ఉంటుంది.

"ఆర్విల్ జెంక్స్," అంది డెలోరిస్.

అతనికి వినబడదు, గుమాస్తా వెళ్ళి భుజం తట్టాడు. ఆర్విల్ లేచాడు, టోపీ కుర్చీలో పెట్టాడు, నడవ మధ్య నుంచి తాపీగా వచ్చాడు, ఖాళీ కుర్చీ దగ్గర ఆగి దాన్ని ఒకసారి చూసి, ఎవరో కూర్చుని ఉన్నట్టు దానికి చిన్నగా తల వంచాడు. ఒకరిద్దరు నవ్వారు. ఏం చేస్తాడు? దాదాపు ఏడాది నుంచి రెండేసి నిమిషాలు అడుక్కుని మాట్లాడుతున్నాడు, ఇవాళ చివరి రెండు నిమిషాలు, తీర్పుకి ముందు, ఇంతమంది ఎదుట. ఇప్పుడు కూడా నోట్లో గుడ్డలే అయితే ఆ రాత్రికీ ఈ సాయంత్రానికీ తేడా ఏముంది, బేడీలు వేసినవాడికీ తనకీ తేడా ఏముంది? గెలిస్తే? గెలిస్తే ఒక కాగితం వస్తుంది, నిజమే, ఆ అధికారి కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటాడు, ఇంకెవరి చెయ్యీ వెనక్కి కట్టకుండా ఒక నియమం వస్తుందేమో. ఆ నియమం రేపు వంతెన మీద ఆగే ఎవరి నాన్నకో పనికొస్తుంది. కానీ ఇదిగో ఈ మనిషి. ఇప్పుడు. పచ్చ దీపం వెలిగింది. వద్దు, ఇక చాలు, ఓటు పోతే పోనీ, తను లేస్తుంది, లేచి ఆ కుర్చీలో కూర్చుంటుంది, పుట్టింది అందుకేనేమో. కుడి చెయ్యి తొడ కింద నుంచి సగం బయటికి వచ్చింది, మోకాళ్ళు బిగిశాయి, కుర్చీ కిర్రుమంది, రస్ తల తిప్పాడు, మూడో వరసలో ఫోను కొంచెం పైకి లేచింది.

ఆర్విల్ చేతులు పైకెత్తాడు. ఆమె వైపు తిరిగాడు.

"ఆకుపచ్చ స్వెటరు. నువ్వే. లేవకు."

గది అంతా అతని చేతులు చూస్తోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఇక్కడ శంఖం ఊదుతున్నది చెవిటివాడు, వినబడనిది మిగతా అందరికీ. రోవీనా కదలలేదు.

"తలూపకు. ఆ మూడో వరసవాడు చూస్తున్నాడు. నీ సంగతి నాకు మొదటి నెలలోనే తెలుసు. అందరూ నా చేతులు చూస్తారు. గ్రెచెన్ నోరు చూస్తారు. నువ్వొక్కదానివే నా మొహం చూస్తావ్. మొహం చూసేది మన ఇళ్ళలో పుట్టినవాళ్ళే." ఇక్కడ బొటనవేలు జారింది. ఎడమ చేత్తో దాన్ని పట్టి నిలబెట్టాడు, వెనక వరసలో ఎవరో అయ్యో అన్నారు. "ఎవరి కూతురివో తెలీదు. అడగను. ఇవాళ మనిషి రాలేదు, నువ్వు ఉండబట్టలేక లేస్తావని భయమేసింది నాకు. ఈ మంచు చూసి బస్సులో వస్తున్నప్పుడే మొదలైంది ఆ భయం. ఇక్కడికి వచ్చీ వచ్చీ ఈ రూల్సు నాకూ వచ్చేశాయ్. నువ్వు నా నోరైతే నేను ఓడిపోతాను. నోరు నాకొద్దు. నోరు లేకుండా ఇంతవాణ్ణయ్యాను."

పసుపు దీపం. ఏడవకూడదు. కన్ను చెమ్మగిల్లితే అదీ ఫోనులో పడుతుంది, దగ్గు బిళ్ళ, దగ్గు, ఏదో ఒకటి, దవడ బిగించుకో, పంటి మీద పన్ను పెట్టకమ్మా అరిగిపోతాయి అని పగలంతా అందరికీ చెప్పేది తనే. ఆర్విల్ కళ్ళల్లో ఏదో తుంటరితనం కదిలింది, అచ్చం నాన్నలాగే, జోకు వచ్చే ముందు ఒక కనుబొమ్మ.

"ఇంకోటి చెప్పనా. నేను మాట్లాడుతుంటే ఇంతమంది నోరు మూసుకుని చూడడం ఇదే మొదటిసారి. రోజూ దుబాసీ రాకపోతే బావుండు." గడ్డంలోంచి నవ్వాడు. గదిలో ఎవరూ నవ్వలేదు, ఎవరికీ తెలీదు, నవ్వొచ్చిన ఒక్కతీ నవ్వకూడదు. తర్వాత నవ్వు పోయింది, చేతులు మెల్లగా వచ్చాయి, ఒక్కో మాటా విడివిడిగా, చిన్నపిల్లకి చెబుతున్నట్టు. "చేతుల మీద కూర్చో. బుద్ధిగా. నేను చెప్పేదాకా తీయకు."

ఎర్ర దీపం వెలిగింది. ఆర్విల్ చేతులు దించి, కోటు సర్దుకుని, ఖాళీ కుర్చీకి ఇంకోసారి తల వంచి, వచ్చిన దారినే వెళ్ళి టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. డెలోరిస్ గొంతు సవరించుకుంది. "ధన్యవాదాలండీ మిస్టర్ జెంక్స్," అంది, ధన్యవాదాలు దేనికో తెలీకపోయినా. గుమాస్తా వంగి, వక్త ఏమీ మాట్లాడలేదు అని రాసుకున్నాడు, ఆమెకి పక్కనుంచి కనబడింది. పక్కన రస్ మెల్లగా ఊపిరి వదిలాడు. "పాపం," అన్నాడు, పెదవులు కదపకుండా. "ఏం చెప్పాడో ఏమో." రోవీనా తన తొడల కింద చేతుల మీద ఇంకా బరువు వేసింది, సగం బయటికి వచ్చిన కుడి చేతిని కూడా లోపలికి తోసుకుంది. పిల్ల ఎప్పుడూ ఇంత బుద్ధిగా కూర్చోలేదు.

ఆ తర్వాత ఎవరు మాట్లాడారో, కారు ఎత్తుకుపోయారన్న ఆవిడో, ఇంకెవరో, ఏమీ ఎక్కలేదు. ఏం చెప్పి ఉండొచ్చు అతను ఆ రెండు నిమిషాల్లో? బొటనవేలు సంగతి, సూది సంగతి, ఆ రాత్రి సంగతి, ఈ గదిలో అందరూ విని తీరాల్సిన మాటలు. అవన్నీ వదులుకుని ఆమె ఒక్కదానికోసం ఖర్చు పెట్టేశాడు. ఇంకా ఓటు ఉంది. రస్ ఏం చేస్తాడో, నమ్మిన ఆ ముగ్గురిలో ఎవరైనా చివరి నిమిషంలో జారిపోతే? బొటనవేలు జారినట్టు. నోరా ఫైలు తెరిచింది. డెలోరిస్ చదివింది, అనవసరమైన బలప్రయోగం, దుబాసీని పిలవకపోవడం, ఫిర్యాదు నిజమని తేల్చడానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు అని చదివి, కళ్ళజోడు తీసి, అటు చివరి నుంచి ఇటు చివరికి చూసింది.

"చేతులెత్తండి."

మొదటి చెయ్యి డెలోరిస్‌ది. అటు చివర ఒకటి, మధ్యలో ఒకటి. జారలేదు. మూడు. రోవీనా ఆర్విల్ వైపు చూసింది. అతనికి వినబడలేదు, కానీ పైకి లేచిన మూడు చేతులూ చూస్తున్నాడు, చూసి, మోకాలి మీది టోపీ కిందనే ఎడమ చెయ్యి కొద్దిగా తిప్పాడు, ఇంక తియ్యి అన్నట్టు. ఆమె కుడి చెయ్యి బయటికి లాగింది. అంతసేపు నలిగిన చెయ్యి చచ్చుబడిపోయింది, తనది కానట్టుంది, చీమలు పాకుతున్నట్టు వేళ్ళ చివరల దాకా మంట, బొటనవేలు సరిగ్గా నిలబడలేదు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని ఎత్తింది. గుమాస్తా లెక్కపెడుతున్నాడు, మూడో వరస లాయరు లెక్కపెడుతున్నాడు, గదిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి తిప్పి చేతులు లెక్కపెడుతున్నారు. ఆర్విల్ జెంక్స్ మాత్రం ఆమె మొహం చూస్తున్నాడు.